స్పానిష్ భాషలో సర్వనామ క్రియలు

స్పానిష్ భాషలో కర్తను అనుసరించి మారే ఒక చిన్న సర్వనామాన్ని (మే, తే, సే, నోస్, ఓస్) వెంట ఉంచుకొని ప్రయోగింపబడే క్రియలను సర్వనామ క్రియలు అంటారు. స్పానిష్‌లో వీటి పేరు బేర్బోస్ ప్రోనోమినాలెస్. నిఘంటువులలో ఇటువంటి క్రియ యొక్క మూలరూపం చివర "సే" చేర్చి చూపుతారు. ఉదాహరణకు లవార్ అనగా కడుగు, లవార్సే అనగా కడుక్కొను. ఈర్ అనగా వెళ్ళు, ఈర్సే అనగా వెళ్ళిపోవు.

ఈ సర్వనామానికి పాఠ్యపుస్తకాలలో మొదట చెప్పే అర్థం "తనను తాను". ఆ అర్థం కొన్ని వాక్యాలకు మాత్రమే సరిపోతుంది. "హువాన్ సే మతో ఎన్ లా కర్రెతేరా" అనే వాక్యంలో మతార్ అనగా చంపు, కర్రెతేరా అనగా రహదారి. "హువాన్ రహదారిపై తనను తాను చంపుకున్నాడు" అని మాటకు మాట అనువదిస్తే అది ఆత్మహత్య వార్త అవుతుంది. సాధారణంగా ఈ వాక్యానికి అర్థం "హువాన్ రోడ్డు ప్రమాదంలో మరణించాడు" అని. కనుక "సే" చేసే పనులు ఎన్ని, ఏ వాక్యంలో ఏ పని చేస్తున్నది అన్నది తెలుసుకొనడం ఈ భాష నేర్చుకొనేవారికి అత్యవసరం. ఈ పనులలో చాలావాటికి తెలుగులో కొను, పోవు, వేయు, పడు, బడు అనే సహాయక క్రియలతో పోలిక కనిపిస్తుంది.

లిప్యంతరీకరణ గురించి

ఈ వ్యాసంలో స్పానిష్ మాటలను ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో చూపడమైనది. స్పానిష్‌లో "బ", "వ" అక్షరాలకు ధ్వనిభేదం లేదు. మాట మొదట "బ" గాను, అచ్చుల మధ్య పెదవులు పూర్తిగా కలవని "వ" వంటి ధ్వనిగాను వినిపిస్తుంది. త, ద ధ్వనులు తెలుగులో వలె దంత్యాలు.

సర్వనామ రూపాలు

లవార్సే (కడుక్కొను) క్రియ వర్తమాన కాలంలో ఇలా ఉంటుంది.

* ఉత్తమ పురుష ఏకవచనం: యో మే లావో (నేను కడుక్కుంటాను)
* మధ్యమ పురుష ఏకవచనం: తూ తే లావాస్ (నువ్వు కడుక్కుంటావు)
* ప్రథమ పురుష ఏకవచనం: ఎల్ సే లావా, ఎయా సే లావా (అతడు, ఆమె)
* ఉత్తమ పురుష బహువచనం: నోసోత్రోస్ నోస్ లవామోస్ (మేము, మనము)
* మధ్యమ పురుష బహువచనం: బోసోత్రోస్ ఓస్ లవాయిస్ (మీరు)
* ప్రథమ పురుష బహువచనం: ఎయోస్ సే లావాన్ (వారు)

ప్రథమ పురుషలో ఏకవచనానికి, బహువచనానికి, స్త్రీ పురుషులకు అన్నింటికీ ఒకే రూపం "సే".

గౌరవవాచకమైన ఉస్తేద్ (మీరు, ఒక్కరిని ఉద్దేశించి) అర్థంలో మధ్యమ పురుష అయినా, వ్యాకరణంలో ప్రథమ పురుషగా నడుస్తుంది. కాబట్టి "కోమో సే యామా ఉస్తేద్?" (మీ పేరేమిటి?) అనాలి. చనువుగా అయితే "కోమో తే యామాస్?" (నీ పేరేమిటి?) అంటారు. ఉస్తేద్‌తో "తే" కలపడం తప్పు. అది "మీరు వస్తావు" అన్నట్లు ఉంటుంది.

"ఓస్" రూపం ముఖ్యంగా స్పెయిన్‌కు పరిమితం. లాటిన్ అమెరికా దేశాలలో బోసోత్రోస్ వాడుక లేదు. అక్కడ ఎదుటివారు పలువురైతే ఉస్తేదెస్ అని, దానితో "సే" వాడతారు. అర్జెంటీనా వంటి దేశాలలో తూ బదులు బోస్ అనే సర్వనామం వాడుకలో ఉన్నది. దానితో కూడా "తే" వస్తుంది.

తెలుగులో "కొను" మారకుండా ఉండి, పురుషను తెలిపే ప్రత్యయం మాత్రమే మారుతుంది: కడుక్కుంటాను, కడుక్కుంటావు. స్పానిష్‌లో క్రియాంతము, సర్వనామము రెండూ మారతాయి. నిఘంటువులో లెవంతార్సే (లేచు) అని చూసినవారు "నేను లేవబోతున్నాను" అనడానికి "బోయ్ ఆ లెవంతార్సే" అని రాయడం తరచుగా కనిపించే పొరపాటు. కర్త "నేను" కాబట్టి "బోయ్ ఆ లెవంతార్మే" అనాలి.

పుట్టుక

మే, తే, సే, నోస్ రూపాలు లాటిన్ నుండి వచ్చినవి. "ఓస్" మధ్యయుగపు స్పానిష్‌లో "వోస్" గా ఉండి, తరువాత మొదటి హల్లు జారిపోయి నేటి రూపం పొందినది. లాటిన్ "సే", సంస్కృత "స్వ" (స్వయం, స్వకీయం మొదలైన వాటిలోనిది) ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుండి పుట్టిన మాటలు.

లాటిన్‌లో కర్మణి ప్రయోగానికి క్రియ చివర ప్రత్యేక ప్రత్యయాలు ఉండేవి. అవే ప్రత్యయాలతో నడుస్తూ కర్తరి అర్థం ఇచ్చే క్రియలు కూడా ఉండేవి. వాడుక లాటిన్‌లో ఆ ప్రత్యయాలు అంతరించిన తరువాత వాటి పనిలో చాలా భాగం "సే" మీద పడినది. అందువల్లనే ఒక్క మాటకు ఇన్ని పనులు ఏర్పడినవి.

సంస్కృతం చదివినవారికి ఇక్కడ ఆత్మనేపదం గుర్తుకు వస్తుంది. క్రియాఫలం కర్తకే చెందేటప్పుడు ఉభయపద ధాతువులకు ఆత్మనేపదం వస్తుందని పాణిని అష్టాధ్యాయిలో చెప్పాడు. పచతి అంటే ఇతరుల కొరకు వండుతున్నాడు, పచతే అంటే తన కొరకు వండుకుంటున్నాడు అని దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగులో వండు, వండుకొను అనే జంట కూడా ఈ భేదాన్నే చూపుతుంది.

వాక్యంలో సర్వనామ స్థానం

1. కాలాన్ని, పురుషను తెలిపే క్రియకు ముందు విడిగా వస్తుంది: మే లెవాంతో (నేను లేస్తాను). వ్యతిరేకార్థకమైన "నో" సర్వనామానికి ముందు ఉంటుంది: నో మే లెవాంతో (నేను లేవను).

2. తుమున్నర్థకానికి చివర అతుక్కుంటుంది: లెవంతార్మే (నేను లేవడం).

3. శత్రర్థకానికి కూడా చివరనే వస్తుంది: లెవంతాందోమే (నేను లేస్తూ).

4. రెండు క్రియలు కలిసి వచ్చినప్పుడు రెండు చోట్లా పెట్టవచ్చును: బోయ్ ఆ లెవంతార్మే, మే బోయ్ ఆ లెవంతార్. రెండింటికీ అర్థం ఒక్కటే. రెండు క్రియల నడుమ విడిగా ఉంచరాదు.

5. విధ్యర్థకానికి చివర వస్తుంది: లెవాంతాతే (లే). నిషేధంలో మళ్ళీ ముందుకు వస్తుంది: నో తే లెవాంతెస్ (లేవకు).

విధ్యర్థకంలో రెండు సంధి నియమాలు ఉన్నవి. లెవంతేమోస్, నోస్ కలిసినప్పుడు నడిమి "స్" లోపించి లెవంతేమోనోస్ (లేద్దాం) అవుతుంది. లెవంతాద్, ఓస్ కలిసినప్పుడు "ద్" లోపించి లెవంతావోస్ (మీరు లేవండి) అవుతుంది. ఈర్సే క్రియలో మాత్రం "ద్" నిలిచి ఈదోస్ (వెళ్ళిపోండి) అవుతుంది. స్పెయిన్‌లో జనులు మాట్లాడేటప్పుడు ఎక్కువగా ఈరోస్ అంటారు. 1713లో స్థాపింపబడిన రియల్ అకదేమియా ఎస్పన్యోలా ఈ రూపాన్ని కూడా 2017లో అంగీకరించినది.

సంయుక్త కాలాలలో సహాయక క్రియ ఎప్పుడూ అవేర్ మాత్రమే: మే ఏ లెవంతాదో (నేను లేచాను). ఫ్రెంచి, ఇటాలియన్ భాషలలో సర్వనామ క్రియలకు "ఉండు" అని అర్థమిచ్చే సహాయక క్రియ వాడతారు. ఆ భాషలు తెలిసినవారు ఈ భేదాన్ని గమనించవలెను. కర్త స్త్రీ అయినా "లెవంతాదో" మారదు: ఆనా సే ఆ లెవంతాదో.

అర్థాన్ని బట్టి విభాగాలు

ఆత్మార్థకం

కర్త చేసిన పని కర్తకే తగులుతుంది. "లావో ఆల్ నీన్యో" అనగా పిల్లవాడికి స్నానం చేయిస్తాను. "మే లావో" అనగా నేనే ఒళ్ళు కడుక్కుంటాను. పెయ్నార్సే (తల దువ్వుకొను), అఫెయ్తార్సే (గడ్డం గీసుకొను), బెస్తీర్సే (బట్టలు వేసుకొను) మొదలైన దినచర్యకు సంబంధించిన క్రియలు ఈ తరగతివి. ఇవన్నీ తెలుగులోనూ "కొను" తో వచ్చేవే. నొక్కి చెప్పడానికి "ఆ సీ మీస్మో" (తనకు తానే) అని చేర్చవచ్చును.

శరీర భాగం పేరు కూడా వాక్యంలో ఉంటే, "నా", "నీ" వంటి మాటలు అక్కరలేదు: మే లావో లాస్ మానోస్ (చేతులు కడుక్కుంటాను). ఎవరి చేతులో సర్వనామమే చెబుతుంది. "నా చేతులు కడుగుతాను" అనకుండా "చేతులు కడుక్కుంటాను" అనే తెలుగువారికి ఈ సూత్రం సహజంగా తోస్తుంది. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ నేర్చుకొనేవారు ఇక్కడ తడబడతారు.

పరస్పరార్థకం

కర్తలు ఇద్దరు లేక అంతకు మించి ఉండి, పని ఒకరి నుండి ఒకరికి జరుగుతుంది: హువాన్ ఈ ఆనా సే ఎస్క్రీవెన్ (హువాన్, ఆనా ఉత్తరాలు రాసుకుంటారు). తెలుగులోనూ "వాళ్ళు తిట్టుకున్నారు" అంటే ఒకరినొకరు అనే అర్థం వస్తుంది. సందేహం కలిగేచోట "ఎల్ ఊనో ఆల్ ఓత్రో" (ఒకరినొకరు) అని చేరుస్తారు.

నిత్య సర్వనామ క్రియలు

కొన్ని క్రియలకు సర్వనామం లేని రూపమే నేటి భాషలో లేదు. కెహార్సే (ఫిర్యాదు చేయు, మొర పెట్టుకొను), అర్రెపెంతీర్సే (పశ్చాత్తాపపడు), అత్రెవేర్సే (తెగించు), సుయిసిదార్సే (ఆత్మహత్య చేసుకొను) ఇటువంటివి. వీటిలో "సే" కు విడిగా అర్థం చెప్పలేము. తెలుగులో "మేలుకొను" అనే మాటలోని "కొను" ను విడదీసి అర్థం చెప్పలేనట్లే ఇది కూడా. ఈ క్రియలు కర్మను నేరుగా గ్రహించవు. కెహార్సే, అర్రెపెంతీర్సే క్రియలకు తరువాత "దే", అత్రెవేర్సే క్రియకు తరువాత "ఆ" అనే విభక్త్యర్థక పదం రావాలి. క్రియను నేర్చుకొనేటప్పుడే ఈ పదాన్ని కూడా కలిపి కంఠస్థం చేయడం మంచిది.

అర్థభేదం కలిగించే జంటలు

* ఈర్: వెళ్ళు, ఈర్సే: వెళ్ళిపోవు
* దోర్మీర్: నిద్రించు, దోర్మీర్సే: నిద్ర పట్టు
* పరెసేర్: అనిపించు, పరెసేర్సే (ఆ): పోలి ఉండు
* అకోర్దార్: ఒప్పందానికి వచ్చు; అకోర్దార్సే (దే): జ్ఞాపకం తెచ్చుకొను
* నెగార్: కాదను, నెగార్సే (ఆ): నిరాకరించు
* కసార్: పెళ్లి చేయు, కసార్సే (కోన్): పెళ్లి చేసుకొను
* దెస్పెదీర్: సాగనంపు, ఉద్యోగం నుండి తొలగించు, దెస్పెదీర్సే (దే): సెలవు తీసుకొను

ఈ జంటలలో సర్వనామం జారిపోతే చెప్పదలచిన విషయమే తారుమారవుతుంది. "ఎల్ హేఫే లో దెస్పిదియో" అనగా పై అధికారి అతనిని ఉద్యోగం నుండి తీసివేశాడు. "సే దెస్పిదియో దెల్ హేఫే" అనగా అతడు పై అధికారి వద్ద సెలవు తీసుకున్నాడు. అలాగే "ఎల్ కూరా లోస్ కసో" అంటే పాద్రీ వారిద్దరికీ పెళ్లి చేశాడు. "ఆనా సే కసో కోన్ హువాన్" అంటే ఆనా హువాన్‌ను పెళ్లి చేసుకున్నది. చేయు, చేసుకొను అనే భేదం తెలుగులో ఉన్నట్లే ఇక్కడా ఉన్నది. అయితే తెలుగులో "హువాన్‌ను" అని ద్వితీయా విభక్తి వస్తే, స్పానిష్‌లో "హువాన్‌తో" అని అర్థమిచ్చే "కోన్" వస్తుంది.

మార్పును తెలిపేవి

సకర్మక క్రియకు "సే" చేరినప్పుడు, పని చేసినవాడు తెరమరుగై, జరిగిన మార్పు మాత్రమే మిగులుతుంది. "ఆనా అబ్రియో లా ప్వెర్తా" అనగా ఆనా తలుపు తెరిచింది. "లా ప్వెర్తా సే అబ్రియో" అనగా తలుపు తెరుచుకున్నది. తలుపు తనను తాను తెరిచిందని ఎవరూ అనుకోరు. వ్యాసం మొదట ఉదహరించిన "హువాన్ సే మతో" ఈ తరగతికి చెందినదే. అక్కడ హువాన్ చంపినవాడు కాడు, మరణం అతనికి సంభవించినది. అదే రూపం సందర్భాన్ని బట్టి ఆత్మహత్యను కూడా సూచించగలదు. "ప్రమాదంలో", "రహదారిపై" వంటి పక్క మాటలను చూసి అర్థం నిర్ణయించుకోవాలి.

మానసిక స్థితులను తెలిపే క్రియలు చాలావరకు ఇక్కడివే: అసుస్తార్ (భయపెట్టు), అసుస్తార్సే (భయపడు), అలెగ్రార్ (సంతోషపెట్టు), అలెగ్రార్సే (సంతోషపడు). తెలుగులో పెట్టు, పడు అనే జంట చేసే పనిని స్పానిష్‌లో సర్వనామం లేకపోవడం, ఉండడం అనే భేదం చేస్తున్నది.

అనుకోకుండా జరిగినవి

"రొంపీ ఎల్ బాసో" అనగా నేను గ్లాసు పగులగొట్టాను. "సే మే రొంపియో ఎల్ బాసో" అనగా నా చేతిలో గ్లాసు పగిలిపోయింది. రెండవ వాక్యంలో కర్త గ్లాసు. "నాకు" అనే అర్థంలో "మే" వచ్చి, ఆ సంఘటన ఎవరికి సంబంధించినదో తెలుపుతుంది. చేశాను అనడానికీ, జరిగింది అనడానికీ ఉన్న తేడా ఇది. కావాలని చేయలేదని చెప్పదలచినప్పుడు స్పానిష్ వారు ఈ నిర్మాణాన్నే వాడతారు.

క్రియ వస్తువును అనుసరిస్తుంది: సే మే ఓల్విదో లా యావే (తాళంచెవి మరచిపోయాను), సే మే ఓల్విదారోన్ లాస్ యావెస్ (తాళంచెవులు మరచిపోయాను). మరచినవాడు ఒక్కడే అయినా, తాళంచెవులు పలు కాబట్టి క్రియ బహువచనంలో ఉన్నది. "సే" ఎప్పుడూ ముందు, "మే", "తే" వంటివి దాని తరువాత వస్తాయి.

పరిపూర్ణత

తినడం, తాగడం, చదవడం వంటి క్రియలకు సర్వనామం చేరితే ఆ వస్తువును పూర్తిగా ముగించినట్లు అర్థం వస్తుంది: సే కొమియో లా మన్సానా (ఆపిల్ పండు తినేశాడు). ఈ వాక్యంలో వస్తువుకు ఇంత అనే హద్దు ఉండాలి. "కొమియో పాన్" (రొట్టె తిన్నాడు) సరైనదే గాని, ఎంత రొట్టె అన్నది చెప్పకుండా "సే కొమియో పాన్" అనరు. ఇక్కడ తెలుగులో సరిపోయేది "కొను" కాదు, "వేయు" (తినివేయు, తాగివేయు).

సర్వనామ క్రియలు కాని "సే" ప్రయోగాలు

కర్మణి ప్రయోగం: సే బేందెన్ కాసాస్ (ఇళ్ళు అమ్మబడును). దుకాణాల మీద, ఇళ్ళ మీద "సే బేందే" అని కనిపించే ప్రకటన మన వద్ద "అమ్మబడును" అని రాసే బోర్డు వంటిది.

కర్తృరహిత ప్రయోగం: అకీ సే బీవే బియెన్ (ఇక్కడ బతుకు బాగుంటుంది). ఎవరు అని చెప్పకుండా లోకసామాన్యంగా చెప్పే వాక్యం ఇది. క్రియ ఏకవచనంలోనే ఉంటుంది. సర్వనామ క్రియతో ఈ అర్థం చెప్పాలంటే రెండు "సే" లు పక్కపక్కన ఉంచడం కుదరదు. "ఊనో" (ఎవరైనా ఒకరు) అనే మాటను కర్తగా తెచ్చుకోవాలి: ఊనో సే లెవాంతా తెంప్రానో (ఎవరైనా పెందలాడే లేస్తారు).

ఈ రెండు ప్రయోగాలలో "సే" మాత్రమే వస్తుంది. మే, తే, నోస్, ఓస్ రావు.

మారురూపం: "సే లో దోయ్" (దానిని అతనికి ఇస్తాను) అనే వాక్యంలోని "సే" అసలు వేరే మాట. "అతనికి" అనే అర్థమిచ్చే "లే", తరువాత లో, లా వచ్చినప్పుడు "సే" గా మారుతుంది. ఇది లాటిన్‌లోని మరొక చతుర్థీ రూపం నుండి వచ్చి, ధ్వనిలో మాత్రమే కలిసిపోయినది.

ప్రాంతీయ భేదాలు

అన్ని దేశాలలో ఈ క్రియల వాడుక ఒకే విధంగా లేదు. జబ్బుపడు అనే అర్థంలో స్పెయిన్‌లో సాధారణంగా ఎన్ఫెర్మార్ అంటే, అమెరికా ఖండపు స్పానిష్‌లో ఎన్ఫెర్మార్సే అంటారు. ఆలస్యం చేయు అనే అర్థంలో స్పెయిన్‌లో తర్దార్ అంటే, మెక్సికోలో తర్దార్సే కూడా వినిపిస్తుంది.

తెలుగుతో పోలిక

* సే లావా: కడుక్కుంటాడు (కొను)
* సే ఎస్క్రీవెన్: రాసుకుంటారు (కొను)
* సే బా: వెళ్ళిపోతాడు (పోవు)
* సే అసూస్తా: భయపడతాడు (పడు)
* సే కొమియో లా మన్సానా: ఆపిల్ పండు తినేశాడు (వేయు)
* సే బేందే: అమ్మబడును (బడు)

ఈ పోలిక దారి చూపడానికే గాని సూత్రం కాదు. చదువుకొను, అనుకొను అనే తెలుగు మాటలకు స్పానిష్‌లో ఎస్తుదియార్, పెన్సార్ అనే మామూలు క్రియలే వాడతారు. వాటికి "సే" అక్కరలేదు. తెలుగులో "గ్లాసు పగిలింది" అనడానికి ఏ సహాయక క్రియా లేకపోయినా స్పానిష్‌లో "సే" తప్పనిసరి.

నిఘంటువులో వెతికేటప్పుడు క్రియకు "ప్రోనోమినాల్" అనే మాట యొక్క పొట్టి గుర్తు ఉన్నదేమో చూసి, ఆ గుర్తు కింద ఇచ్చిన అర్థాన్నే గ్రహించాలి. అకదేమియా నిఘంటువులో ఒకే క్రియకు సర్వనామంతో ఉన్నప్పటి అర్థాలు, లేనప్పటి అర్థాలు వేరువేరుగా గుర్తించి ఇవ్వబడినవి.

ఇవి కూడా చూడండి

* స్పానిష్ భాష
* తెలుగు వ్యాకరణం
* అష్టాధ్యాయి